మా మామ్మ సవితమ్మ కాదు

మా మామ్మ పోయిన నాలుగో రోజున, పెద్దకర్మ కార్డులు అచ్చుకు ఇవ్వడానికి బొబ్బిలి వెళ్తూ మా చిన్నాన్న నాకు ఫోను చేసి, కార్డు మీద ఆమె పేరు సవితమ్మ అని వేయిస్తున్నానని చెప్పారు. తవిటమ్మ అన్నది పల్లెటూరి నోళ్లలో పడి చెడిపోయిన రూపమనీ, అసలు పేరు సవిత అయి ఉంటుందనీ, సవిత అంటే సూర్యుడని ఫోనులో వెతికితే వచ్చిందనీ, అరసవల్లి సూర్యనారాయణస్వామి వెలసిన సీమలో ఆ పేరు పెట్టుకోవడంలో వింత ఏముందనీ ఆయన వాదన. తల్లిని పోగొట్టుకున్న మనిషితో నాలుగో రోజున వాదానికి దిగడం మర్యాద కాదని తెలిసి కూడా నేను దిగాను. ఆ రోజు ఫోనులో సగం సగం చెప్పిన సంగతులే ఈ వ్యాసంలో తీరికగా రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో ఉన్న కాగితాల సంగతి చెప్పాలి. మామ్మ పేరు వాటిలో నాలుగు రకాలుగా ఉంది. అన్నిటికన్నా పాతది ఎకరంన్నర పల్లపు భూమి కొన్నప్పటి క్రయ దస్తావేజు. అందులో ఆమె 'ఫలానా వాని భార్య తవుడి'. దస్తావేజు మీద తేదీ ఉన్న అంచు చినిగిపోయింది గాని, జిల్లా పేరు శ్రీకాకుళం అని స్పష్టంగా ఉంది. మా ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది కాబట్టి, ఆ కాగితం ఈ రెండు తేదీల నడుమ రాసినదని దాని నుదుటి మీదే ఉన్నట్టు లెక్క. తరువాతది రేషన్ కార్డు, అందులో 'తవుడమ్మ'. ఓటర్ల జాబితాలో 'తవిటమ్మ'. చివరిది పింఛను పుస్తకం, అందులో ఆమె 'టవితమ్మ'. ఈ ఆఖరి రూపం ఎవరి నోటా పుట్టలేదు. ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కించిన పేరును యంత్రమో, మా ఊరి ముఖం చూడని ఉద్యోగో మళ్లీ తెలుగులోకి దించినప్పుడు త, ట రెండూ ఒకదాని చోటులో ఒకటి కూర్చున్నాయి. నాలుగు కాగితాలలోనూ లేని రూపం ఒక్కటే, సవితమ్మ.

పేర్ల పుట్టుక వెతికేవాడు మొట్టమొదట చేయవలసిన పని ఇదేనని నేను నమ్ముతాను. నిఘంటువు తెరవడం కాదు, ఆ పేరు ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు, ఎవరి చేత రాయబడిందో వరుసగా పేర్చుకోవడం. అర్థం తరువాతి మాట. అర్థంతో మొదలుపెట్టినవాడికి ఏ పేరులోనైనా సూర్యుడు కనిపిస్తాడు.

తవిటమ్మ విషయంలో సాక్ష్యం కాగితాలకన్నా గట్టిగా వ్యాకరణంలోనే ఉంది. పెరడు అన్న మాట మరో మాటతో కలిసేటప్పుడు పెరటి అవుతుంది, పెరటి చెట్టు అంటాము. గూడు గూటి అవుతుంది, కాడు కాటి అవుతుంది, నోరు నోటి అవుతుంది. బడిలో ఔపవిభక్తికాలని బట్టీపట్టించినవి ఇవే. ఆ పద్ధతిలోనే తవుడు తవిటి అవుతుంది, దానికి అమ్మ చేరితే తవిటమ్మ, నాయుడు చేరితే తవిటినాయుడు, అయ్య చేరితే తవిటయ్య. మా జిల్లాలలో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా ఈ మూడూ కనిపిస్తాయి. సంస్కృతపు సవితకు ఈ టి ఎక్కడినుంచి వస్తుంది? మాట మొదట్లో ఉన్న స, త కావడం మా యాసలో ఎక్కడైనా ఉందా? సీత సీతగానే ఉంది, సూర్యనారాయణ సూరిగా మారాడే గాని తూరిగా మారలేదు. పైగా సవితృ శబ్దం పుంలింగం. మగ దేవుడి పేరు చివర ఆకారం వినిపించినందుకు ఈ మధ్య కాలంలో ఆడపిల్లలకు పెట్టుకుంటున్నారు, పెట్టుకోవచ్చు, కాని తొంభై ఏళ్ల కిందట బొబ్బిలి పక్క పల్లెలో ఆ పని ఎవరూ చేయలేదు. చేసి ఉంటే ఊళ్లో వాళ్ల చెవికి అది సవితి అని వినిపించి ఉండేది. సవతి తల్లి గుర్తుకొచ్చే పేరు ఏ తల్లీ పెట్టదని అన్నప్పుడు, ఏడుపు గొంతుతోనే చిన్నాన్న ఒకసారి నవ్వారు.

ఆ పేరు ఎందుకు పెట్టారో మామ్మే ఎన్నోసార్లు చెప్పింది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిటి గదిలోనే పోయారు. నాలుగో కాన్పులో ఈమె పుట్టగానే, చేటలో పడుకోబెట్టి, పొరుగింటి ముసలమ్మకు అమ్మేసి, మళ్లీ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నారు. "మా యమ్మ కన్నాది గాని, నాను ఆల గుంటని కాను, తవుడు పోసి కొన్న గుంటని" అనేది మామ్మ. మా యాసలో గుంట అంటే ఆడపిల్ల. పిల్లలను ఎత్తుకుపోయే శక్తి ఏదైనా ఉంటే, ఈ బిడ్డ ఈ ఇంటిది కాదని, గొడ్లకు పోసే తవుడుకన్నా విలువ లేనిదని దాన్ని నమ్మించడం అందులోని ఎత్తుగడ. పెంట మీద పడేసి తెచ్చుకున్న బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టడం కూడా ఈ ఆలోచనే. ఈ పని మన ఒక్కరిదే కాదు. బెంగాలులో తీన్‌కడి, పాంచ్‌కడి అన్న పేర్లకు మూడు గవ్వలు, ఐదు గవ్వలు అని అర్థం, అంత ధరకు బిడ్డను కొన్నట్టు లెక్క. మరాఠీలో దగడూ అంటే రాయి, కచ్రూ అంటే చెత్త. వేదకాలానికి పోతే ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడి ముగ్గురు కొడుకులు శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. కుక్కతోక అన్న అర్థమే మూడు పేర్లలోనూ తిరుగుతుంది. నడిమివాణ్ణి తండ్రి నూరు ఆవులకు అమ్ముతాడు. ఆ పేర్ల వెనుక కూడా దిష్టి భయమే ఉన్నదా అన్నది నేను తేల్చను గాని, హీనమైన మాటను పేరుగా పెట్టడం చదువురాని పల్లెవాళ్ల మొరటుతనమని అనుకునేవాళ్లు ఆ కథ ఒకసారి చదవాలి.

కాబట్టి తవిటమ్మ అన్న పేరుకు అర్థం తవుడు అని చెబితే సగమే చెప్పినట్టు. ఆ పేరులో ముగ్గురు చనిపోయిన పిల్లలు ఉన్నారు, పురిటి గదిలో నాలుగోసారి భయపడిన ఒక తల్లి ఉంది, తవుడు తీసుకుని బిడ్డను తిరిగి ఇచ్చిన పొరుగింటి ముసలమ్మ ఉంది. సవితమ్మ అని రాస్తే వీళ్లందరూ రెండు అక్షరాల మార్పుతో మాయమవుతారు.

అయితే ఇక్కడ చిన్నాన్న బాధను పక్కన పెట్టి ముందుకు పోతే అన్యాయం. ఆయన బడికి పోయే రోజుల్లో తోటి పిల్లలు 'తౌడు కొడకా' అని ఏడిపించేవారు. మా నాన్నను కూడా ఏడిపించారు గాని ఆయన కొట్టగలిగినవాడు, చిన్నాన్న కొట్టలేనివాడు. పేరు పుట్టుకలో ఎంత ప్రేమ ఉన్నా అది వాడుకలో ఎంత నొప్పి పెట్టిందన్నది వేరే లెక్క, దాన్ని కొట్టిపారేసే హక్కు పేర్ల చరిత్ర రాసుకునే నాలాంటివాడికి లేదు.

తమాషా ఏమిటంటే, పేర్ల గౌరవానికీ వాటి అర్థానికీ ఏ సంబంధమూ లేదు. పైడి అంటే బంగారం. పసిడి, పయిడి, పైడి అన్నవి ఒకే మాటకు రూపాలు. విజయనగరం ఇలవేల్పు పైడితల్లి పేరున మా వైపు పైడిరాజు, పైడమ్మ, పైడినాయుడు ఇంటింటా ఉండేవారు. ఇప్పుడు పైడమ్మ అన్న పేరు పుట్టిన పిల్లకు పెట్టేవాళ్లు అరుదు. అదే ఇళ్లలో హేమ, స్వర్ణ, కాంచన ఉన్నారు. ఇవన్నీ బంగారమే. తల్లి పైడమ్మ, కూతురు కనకం, మనవరాలు హేమ అయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. మూడు తరాలూ ఒకే లోహాన్ని మూడు అంగళ్లలో కొన్నట్టుంది. తెలుగు అంగట్లో కొన్నది మోటు, సంస్కృతం అంగట్లో కొన్నది నాజూకు. పిల్లల పేర్లకు అర్థాలు చెప్పే జాబితాలు ఈ తేడాను ఇంకా పెంచాయి. వాటిలో హేమకు బంగారం అని అర్థం రాసి ఉంటుంది, పైడికి చోటే ఉండదు.

మా రెండు జిల్లాల పేర్లను ఒక పటం మీద పరిస్తే అది గుళ్ల పటమే అవుతుంది. సింహాద్రి అప్పన్న వల్ల అప్పన్న, అప్పడు, అప్పయ్యమ్మ, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. సింహాచలం అన్న పేరు విని అది ఆడమనిషో మగమనిషో చెప్పలేము, ఇద్దరికీ ఉంది. అరసవల్లి నుంచి సూర్యనారాయణ, సూరి. శ్రీకూర్మం నుంచి కూర్మారావు, కూర్మినాయుడు, కూర్మమ్మ. ముఖలింగం ఊరి పేరూ, దేవుడి పేరూ, మనిషి పేరూ. శంబర పోలమాంబ జాతర జరిగే వైపు పోలమ్మ, పోలినాయుడు. ఇచ్ఛాపురం వైపు పోయేకొద్దీ పూరీ జగన్నాథుడి నీడ కనిపిస్తుంది, నీలాచలం, నీలాద్రి, జగన్నాథం, సుభద్ర. మా తాత అన్నగారి పేరు నీలాచలం. మామ్మ ఆయన్ని చివరిదాకా 'నీలాసలం బావ' అనేది. తిరుపతి దూరం కాబట్టి వెంకన్న ఉన్నా, ఆయన మా వైపు చుట్టపుచూపుగా వచ్చినవాడే.

అప్పల అన్న మాట మీద ఒక నిమిషం ఆగుతాను, ఎందుకంటే దీని గురించి నన్ను చాలామంది అడిగారు. అప్ప అన్నది కన్నడ, తమిళాలలో తండ్రి, మా శ్రీకాకుళం పలుకుబడిలో అక్క. దేవుణ్ణి గౌరవంగా బహువచనంలో పిలవడం తెలుగులో పాత అలవాటు. రాముడు రాములు అయ్యాడు, రాములు నుంచి రాములమ్మ వచ్చింది. ఆ దారిలోనే అప్ప అప్పలు అయి, అప్పలు మరో మాటతో కలిసేటప్పుడు అప్పల అయి, అప్పలస్వామి, అప్పలనాయుడు పుట్టి ఉంటారని నా వాదన. దీన్ని ఆపిల్ పండు నుంచి వచ్చిందని హాస్యమాడే పట్నం కుర్రాళ్లకు ఈ వివరం ఎలాగూ అక్కర్లేదు.

పల్లెటూరి రూపాలను 'చెడిపోయిన' రూపాలనడం మీద నాకు మరో అభ్యంతరం ఉంది. లక్ష్మి చెడి లచ్చి అయిందంటారు. ప్రాకృతంలో ఆ మాట లచ్ఛీ. శాతవాహనుల నాటికే ఈ దేశంలో రాజశాసనాలు నడిచిన భాష అది. కృష్ణుడు ప్రాకృతంలో కణ్హ, అక్కడినుంచి మన కన్నయ్య. సింహం సింగం అయి సింగన్న, సింగమ్మ పుట్టారు. లచ్చమ్మ అన్న పేరును పాలేరు నోట పాడైన లక్ష్మమ్మ అనుకోవడం కన్నా, లక్ష్మమ్మే పంతులుగారి చేతిలో దిద్దుకున్న లచ్చమ్మ అనుకోవడం చాలా ఇళ్లలో నిజానికి దగ్గరగా ఉంటుంది. వ్యాకరణంలో వికృతి అన్న మాట ఉన్నందుకు వికారం ఉందని అర్థం కాదు.

ఇంత గట్టిగా మాట్లాడుతున్న నేను కూడా పప్పులో కాలు వేసినవాడినే. పార్వతీపురం ఏజెన్సీ ఊళ్లలో కొన్నాళ్లు ఉద్యోగం చేసినప్పుడు బుద్ర అన్న పేరు విని, శాలిహుండం బౌద్ధ స్తూపాలు మన సీమలోనే ఉన్నాయి కదా, ఇది బుద్ధుడి జాడే అని ఒక నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. అదే ఊళ్లో సోమ, మంగళ, సుక్ర కూడా ఉన్నారని గమనించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. బుధవారం పుట్టినవాడు బుద్ర, శుక్రవారం పుట్టినవాడు సుక్ర. సవర భాషను అక్కడి మనుషుల నోట నేర్చుకుని నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారి జిల్లావాడినై ఉండి, పక్కింటి పెద్దను అడిగితే తేలిపోయే విషయాన్ని నేను స్తూపాల దాకా మోసుకుపోయాను. ఒక పేరును ఒంటరిగా తీసి చూడకూడదు, దాని తోటి పేర్లతో కలిపి చూడాలి అన్నది అక్కడ నేర్చుకున్నాను. తవిటమ్మను కూడా పెంటమ్మ పక్కన కూర్చోబెట్టి చూస్తేనే తెలుస్తుంది, అరసవల్లి పక్కన కూర్చోబెడితే తెలియదు.

చిన్నాన్న చేయబోయిన పని కొత్తది కాదు, రాజులే చేశారు. ముఖలింగం ఒకప్పటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. ఆ వంశంలో వజ్రహస్తుడు ఒకాయనకు అనియంకభీముడని పేరు. 'అని' అంటే తెలుగులో యుద్ధం, యుద్ధంలో భీముడంతవాడని ఆ పేరు పలుకుతుంది. తరువాత రాజ్యం ఉత్తరానికి పెరిగి కటకం (నేటి కటక్) చేరాక, ఆ వంశపు రాజుల పేరు అనంగభీముడు అయింది. అనంగుడంటే మన్మథుడు. 'అని' అర్థం కాని చోట 'అనంగ' అర్థమైంది, అంతే. యుద్ధం పోయి మన్మథుడు వచ్చాడు. ఈ వంశంలోనే పెద్ద రాజైన అనంతవర్మ చోడగంగ పేరు మరీ విచిత్రం. తల్లి వైపు చోళులు, తండ్రి వైపు గాంగులు, రెండు వంశాలూ ఒక పేరులో కూర్చున్నాయి. ఓఢ్ర దేశపు కథల్లో, ఊళ్ల పేర్లలో ఆయన చుడంగ అయ్యాడు. కటకం దగ్గర ఆయన పేరు మీద చుడంగగడ అని పాత కోట ఉంది. చుడంగ అన్న రూపం ఒక్కటే మిగిలి, శాసనాలు దొరకకపోయి ఉంటే, అందులో చోళుల ఆడపడుచు ఒకామె ఉందని ఎవరు చెప్పగలిగేవారు?

ఊళ్ల పేర్లదీ ఇదే తంతు. శ్రీకాకుళాన్ని కంపెనీవాళ్లు చికాకోల్ అని రాశారు. ఆ రూపాన్ని పట్టుకుని, నవాబుల కాలంలో శిస్తు డబ్బు సంచులు విప్పిన చోటు కాబట్టి సిక్కా ఖోల్ అయిందని ఒక కథ అల్లారు. కథ బాగుంటుంది. బాగుండే కథలనే ఎక్కువ అనుమానించాలి.

ఇక అసలు చిక్కు. పేరు మార్చుకునే హక్కు ఎవరికి ఉంది? పేరు మోసేవాడికి ఉంది, అందులో సందేహం లేదు. అజ్జాడలో 1864లో పుట్టిన సూర్యనారాయణ హరికథలు చెప్పి ఆదిభట్ల నారాయణదాసు అయ్యారు. మా మిత్రుడొకడు బాప్తిస్మం పుస్తకంలో యాకోబు, బడి సర్టిఫికెట్‌లో జేమ్స్. రెండు వేరు పేర్లని, దొంగ పత్రమని ఒక గుమాస్తా వాడిని ఆరు నెలలు తిప్పాడు. నిజానికి హీబ్రూలో ఒక్కటే అయిన పేరు లాటిను దారిన రెండు రూపాలుగా చీలి, ఒకటి జేకబ్‌గా, మరొకటి జేమ్స్‌గా ఇంగ్లీషులోకి వచ్చింది. ముస్లిముల యాకూబ్ కూడా అదే. ఆ గుమాస్తాకు ఇదంతా చెప్పి లాభం లేకపోయింది గాని, మా మిత్రుడు తన పేరు రెండు రూపాలలో దేన్ని ఉంచుకోవాలో తనే తేల్చుకున్నాడు. నాకు ఒప్పుకోలు కానిది చనిపోయినవారి పేరు దిద్దడం. అందులోనూ ఆమె బతికుండగా ఎన్నడూ సిగ్గుపడని పేరు.

మరి తవుడి సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. కాగితాలలో అన్నిటికన్నా పాతదే నిజమైతే, దస్తావేజులోని తవుడినే కార్డు మీద వేయాలి కదా అని చిన్నాన్న కూడా అడిగారు, ఆయన తెలివిగలవాడు. నా జవాబు ఇది. అదే దస్తావేజులో భూమి అమ్మినాయన పేరు చివర 'గారు' ఉంది, కొన్నామె పేరు చివర అమ్మ కూడా లేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది ఆమె వైపు, అయినా రాసినవాడి కలానికి అమ్మ అన్న రెండక్షరాలు బరువయ్యాయి. తవుడి అన్నది ఆమె పేరు కాదు, ఆమెను రాతగాడు చూసిన చూపు. మా వీధిలో ఆమెను అందరూ తవిటమ్మ అనే పిలిచారు, ఆమె చెల్లెలు ఒక్కతే తవిటప్ప అనేది. పాత రూపం ఎప్పుడూ అసలు రూపం కాదు. ఎవరు, ఎవరి గురించి, ఏ పని మీద రాశారన్నది చూడకుండా తేదీ ఒక్కటే చూస్తే, సవితమ్మ అన్నంత తప్పూ ఇందులోనూ చేస్తాము.

చిన్నాన్న అచ్చాఫీసు నుంచి మళ్లీ ఫోను చేశారు. "ఒరే, నువ్వు చెప్పిందే వేయిస్తన్నాను గాని, తవిటమ్మలో టకి ఒత్తు ఉందా లేదా అని అడుగుతన్నారు" అన్నారు. లేదని చెప్పాను. కార్డులు వచ్చాక మామ్మ చెల్లెలికి ఒకటి ఇచ్చి, ఆమెకు చదువు రాదు కాబట్టి, పేరు ఎక్కడుందో వేలితో చూపించాను. ఆమె దాన్ని మడిచి కొంగున ముడివేసుకుంది.

మరణ ధ్రువపత్రం మాత్రం పింఛను పుస్తకం చూసి రాసినది కాబట్టి టవితమ్మ పేరున వచ్చింది. పల్లపు భూమి తవుడి పేరున ఉంది. ఇద్దరూ ఒక్కరేనని ప్రమాణ పత్రం ఇమ్మన్నారు. దానికి జతగా ఇవ్వడానికి తవిటి అన్న రూపం గురించి అరపేజీ వివరణ రాసి చిన్నాన్నకు పంపాను. ఆయన దాన్ని చదివి, ఇది ఆఫీసులో ఇస్తే ఇంకో ఆరు నెలలు తిప్పుతారని తన దగ్గరే ఉంచుకున్నారు.